ఓవర్ అనమంటే ఖలాస్ అన్న మామ

ఆ రోజుల్లో నడుముకు వాకీటాకీ తగిలించుకున్న మనిషి నడక మామూలుగా ఉండేది కాదు. నాదైతే అసలే ఉండేది కాదు. సెట్టు కుడివైపు వేలాడుతుంటే ఎడమకు కాస్త వాలి, మెడ నిక్కించి, పంచాయితీ చెప్పడానికి వచ్చిన పెద్దమనిషిలా నడిచేవాణ్ని (వెనక నుంచి చూసినవాళ్లు నాకు నడుం పట్టేసిందనుకునేవారని చాలా రోజులకు గాని తెలియలేదు). ఇంటితో మాట్లాడాలంటే శుక్రవారం తబూక్ పట్నం వెళ్లి, ఫోన్ క్యాబిన్ ముందు వరుసలో నిలబడాలి. మన వంతు వచ్చాక మా ఊరి ఎస్టీడీ బూతువాడు ఫోనెత్తి, "ఉండు, మీ అమ్మను పిలుస్త" అని పరుగెత్తి, ఆమె వచ్చేలోపు మన చిల్లరంతా మింగేసేవాడు. అలాంటి కాలంలో బటన్ నొక్కితే పైసా ఖర్చు లేకుండా అవతలి మనిషి పలకడమంటే మాటలా? పైగా కువైట్ గొడవ ముగిసి ఎంతో కాలం కాలేదు. ఆకాశంలో విమానం చప్పుడైతే మాలో సగంమంది చేతిలో పార ఆపి పైకి చూసేవాళ్లు. సెట్లకు పర్మిట్ ఉండాలి, పిచ్చి మాటలు వినబడితే పట్టుకుపోతారని అందరికీ భయం. ఆ భయమున్న వస్తువు నా నడుముకు ఉందంటే నేనెంతటివాణ్నో మీరే ఆలోచించండి. ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పినవాణ్ని.

మేం పనిచేసేది తబూక్ దగ్గర ఒక పెద్ద గోధుమ పొలంలో. పొలమంటే మన పొలంలా కాదు. నడుమ బోరు, దాని చుట్టూ చక్రాల మీద మెల్లగా తిరుగుతూ నీళ్లు చల్లే పొడవాటి గొట్టం, ఆ గొట్టం తిరిగినంత మేరా గుండ్రంగా పచ్చటి పైరు, దాని అంచు దాటితే మళ్లీ ఇసుక. అలాంటి గుండ్రాలు చాలా ఉండేవి. అన్నిటికంటే దూరంగా ఉన్న గుండ్రం దగ్గర ఒంటరిగా కాపలా ఉండేవాడు మా మామ, అంటే మా అమ్మకు స్వయానా తమ్ముడు. నాకు వీసా తెచ్చింది ఆయనే. జగిత్యాల వైపు మా ఊళ్లో మామకు ఒక కూతురుంది. మేనమామ కూతురంటే మా దగ్గర సగం పెళ్లి కుదిరినట్టే లెక్క. మిగతా సగం పిల్ల ఒప్పుకోవాలి. నా బతుకంతా ఆ మిగతా సగం దగ్గరే ఆగి ఉంది.

మామ గురించి ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఆయనకు అబద్ధం ఆడటం రాదు. ఈత రానట్టు, పాట రానట్టు, అది రాదంతే. ముంబైలో ఏజెంటు, "ట్రాక్టర్ వచ్చని చెప్పు" అని నూరిపోసి ఇంటర్వ్యూకు లోపలికి పంపితే, "రాదు సార్, గని ఏజెంటు వచ్చని చెప్పుమన్నడు" అన్నాడట. మా మేనేజరు ఒక మిస్రీ, అంటే ఈజిప్టు ఇంజనీరు (మేమంతా ముదీర్ అనేవాళ్లం, అరబ్బీలో మేనేజరుకు అదే మాట). ఒకసారి ఆయన వచ్చి, "డ్యూటీలో పడుకున్నావా?" అని అడిగాడు. నేను మామకు తెలుగులో చెప్పాను. మామ తల ఊపి, "పన్న. మస్తు నిద్రవట్టింది" అన్నాడు. నేను ముదీర్ వైపు తిరిగి, "లేదు సార్, కళ్లు మూసుకుని మోటారు చప్పుడు వింటున్నాడట" అని ఇంగ్లీషులో చెప్పాను. మా కుటుంబానికి అవసరమైన అబద్ధాలన్నీ నా వంతుకే వచ్చాయి.

సెట్లు వచ్చిన రోజున ముదీర్ మమ్మల్నందరినీ షెడ్డులో కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. బటన్ నొక్కాలి. ఒక ఊపిరి తీసుకోవాలి. ఆ తర్వాతే మాట్లాడాలి, లేకపోతే మొదటి మాటలు గాలికి పోతాయి. చెప్పాల్సింది అయ్యాక 'ఓవర్' అనాలి. అప్పుడు బటన్ వదలాలి. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఎవరి మాటా ఎవరికీ వినబడదు. నేను ఒక్కొక్కటీ తెలుగులో చెబుతూ వచ్చాను. ఓవర్ దగ్గరికి రాగానే మామ చెయ్యెత్తాడు.

"ఓవర్ అంటే ఎక్కువ చేసుడు గదరా. వాడు ఓవర్ చేస్తుండు, వీడు ఓవర్ చేస్తుండు అంటరు మనకాడ. పెద్దమనిషిని, మాట మాటకు ఓవర్ ఓవర్ అని నాకు నేనే చెప్పుకోవాల్నా?"

"గది వేరే ఓవర్ మామా. మాట అయిపోయిందని చెప్పుడన్నట్టు."

"అయిపోయిందంటె ఖలాస్ అనాలె. గంతేగని గీ ఓవర్ ఏంది?"

ఖలాస్ అనే మాట సౌదీలో దిగిన మొదటి వారంలోనే ఎవరికైనా వచ్చేస్తుంది. అన్నం అయిపోతే ఖలాస్, డ్యూటీ అయిపోతే ఖలాస్, గ్యాసు బండ అయిపోతే ఖలాస్. మామకు ఆ మాట నచ్చింది. నాకూ అందులో తప్పు కనబడలేదు. ఆ మధ్యాహ్నమే మామ మొదటి సందేశం గాల్లోకి వెళ్లింది: "అల్లుడా, పప్పుల చింతపండు ఎంత ఎయ్యాలె? ఖలాస్." విన్న ముదీర్ అదిరిపడి, "ఈ చింతపండు ఏమిటి?" అని నన్ను నిలదీశాడు. ఏదో రహస్య సంకేతమని ఆయన భయం. వంట కబుర్లకు సెట్టు వాడుతున్నామంటే లాక్కుంటాడు. "పంపులో ఒక సామాను సార్" అన్నాను. మర్నాడు ఆయన స్టోరుకు వెళ్లి మలయాళీ స్టోర్‌కీపర్ని చింతపండు అడిగాడు. ఆ స్టోర్‌కీపర్ ముఖకవళిక మారనివ్వకుండా, "స్టాకు లేదు సార్, ఆర్డర్ పెట్టాను" అన్నాడట (ఇలాంటి మనుషుల వల్లే గల్ఫ్‌లో మనవాళ్లు బతికి బట్టగట్టింది). ముదీర్ మటుకు మామను చూసినప్పుడల్లా వేలు ఊపి, "ఖలాస్ వేరు, ఓవర్ వేరు" అంటూనే ఉండేవాడు. తేడా ఏమిటని నేను ఏనాడూ అడగలేదు. సెట్టు నడుముకున్నవాడికి సందేహాలుంటాయా?

ఇక నా కొంప ముంచిన సంగతికి వస్తాను. అంతకు ముందు చలికాలం, మా పొలంలో డ్రైవరు లాలాతో (పెషావర్ వైపు పఠాన్, మనిషి తలుపంత ఉండేవాడు) డీజిల్ ట్యాంకరులో పడమటి కొండల వైపు వెళ్లాను. అక్కడ అరబ్బీలో బాదం కొండ అని అర్థం వచ్చే పేరున్న ఎత్తైన కొండ ఒకటుంది. దాని నెత్తి మీద తెల్లగా, దూదేకి ఆరబోసినట్టు మంచు. సౌదీలో మంచు. నేను ఆగలేక ఆ శుక్రవారమే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ బూతువాడికి చెప్పింది. బూతువాడు ఊరికి చెప్పాడు. ఊరు పగలబడి నవ్వింది. "ఎండకు పోరని మెదడు కరిగింది" అన్నారు కొందరు. "ఉత్తగనే మంచు గురించి చెప్తుండంటే తాగుడు అలవాటైనట్టుంది" అన్నారు ఇంకొందరు. ఇవన్నీ నేను సర్దుకుపోయేవాణ్నే. కాని మామ ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లే ఫోనందుకుని, "బాపూ, సౌదీల మంచు వడ్డదని చెప్పెటోడు రేపు ఇంకేం చెప్తడో. గసొంటోన్ని నేను చేసుకోను" అని ఖరాఖండిగా చెప్పేసింది.

ఆ మాట మామ నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయనకు ఇంకో రకంగా చెప్పడం రాదు కదా. "నేను సూడలేదు. సూడనిది ఉన్నదని నేను చెప్ప. నువ్వు సూపెట్టు, చెప్త" అన్నాడు. లాలాను సాక్ష్యం పిలిస్తే ఆయన గుండె మీద చెయ్యేసుకుని, "బరఫ్ థీ, మామా" అని ఉర్దూలో మంచు ఉందని ఒట్టేశాడు గాని, మా ఊరికి పఠాన్ సాక్ష్యం చెల్లుబాటు కాదు. మళ్లీ చలికాలం వచ్చేదాకా నేను ఆకాశం వైపు చూస్తూ బతికాను. ఎడారిలో నిలబడి మంచు కోసం దేవుడికి మొక్కినవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

దేవుడు విన్నాడు. ఆ ఏడు కొండ మీద మంచు గట్టిగా పడింది. మా వీసాల యజమాని కఫీల్. ఆయన కొడుకు స్నేహితులను వెంటేసుకుని మంచు చూడ్డానికి కొండెక్కుతానన్నాడు. బండ్లు జారితే లాగడానికి, దారి చెప్పడానికి మనుషులను పెట్టమని కఫీల్ ముదీర్‌కు పురమాయించాడు. పైన ఒకడు పార పట్టుకుని, మధ్య మలుపులో ఒకడు, కింద ట్రాక్టర్‌తో లాలా. ముగ్గురికీ మూడు సెట్లు. పై మనిషిగా మా మామను పెట్టమని నేను ముదీర్‌ను బతిమాలాను. "వాడు ఓవర్ అనడు" అన్నాడాయన. "అనిపిస్తాను సార్" అన్నాను. చలికి మామ రెండు దుప్పట్లు చుట్టుకుని, తలకు మఫ్లర్, కాళ్లకు గోనెసంచులు కట్టుకుని, చేతిలో టీ ఫ్లాస్కుతో కొండెక్కాడు. నేను మధ్య మలుపులో నిలబడ్డాను. ముదీర్ కింద పికప్‌లో అద్దాలు ఎక్కించుకుని హీటరు ముందు కూర్చున్నాడు.

కాసేపటికి మామ గొంతు వచ్చింది. మొదటి మాటలు ఎప్పటిలాగే తెగిపోయాయి. ఆయన ముందు మాట్లాడటం మొదలుపెట్టి, సగంలో గుర్తొచ్చి బటన్ నొక్కేవాడు.

"...నిజమేరా అల్లుడా. తెల్లగ ఉన్నది. కాలు వెడితె మోకాలు దాక వోతున్నది. నోట్ల ఏసుకుంటె పండ్లు జివ్వుమన్నయి. ఖలాస్."

నాకు అక్కడే చిందెయ్యాలనిపించింది. ఇక మామ ఇంటికి ఫోన్ చేసి చెప్పడమే ఆలస్యం. మా పిల్ల తండ్రి మాట కాదనదు. నేను మనసులోనే లగ్గం పందిట్లో కూర్చుని అక్షింతలు ఏరుకుంటున్న సమయంలో మామ మళ్లీ పలికాడు: "కఫీల్ కొడుకు మంచుల ఆడుకునుడు అయిందట, బండి దిక్కు వోతుండు. ఖలాస్." ఇందులో కింద సెట్టు పట్టుకున్న లాలాకు తెలిసిన మాటలు రెండే, మొదటిది కఫీల్, చివరిది ఖలాస్. నడుమదంతా తెలుగు. పైనున్నది కఫీల్ కొడుకే కాబట్టి మిగతాది తనే లెక్క కట్టేసుకున్నాడు. "క్యా? కఫీల్ కా లడ్కా ఖలాస్?" (కఫీల్ కొడుకు పోయాడా?) అని లాలా కేక గాల్లో వినిపించింది. నేను సరిదిద్దుదామని బటన్ మీద వేలు పెట్టేలోపే మామ మళ్లీ వచ్చాడు.

"...పిల్ల సంగతి. ఖలాస్."

అంతే వినబడింది. నా కాళ్ల కింద మంచు ఉందో నిప్పులున్నాయో తెలియలేదు. మంచు కళ్లారా చూసి కూడా పిల్ల సంగతి ఖలాస్ అంటాడా? ఏం చేశాను నేను? "మామా, ఏందే, ఏం ఖలాస్?" అని బటన్ నొక్కి అరిచాను. అదే సమయంలో లాలా బటన్ నొక్కి ఉర్దూలో అరుస్తున్నాడు. ఇద్దరి అరుపులు వినబడక మామ కూడా నొక్కి, "ఏందిరా, ఏమంటున్నవు" అని అరుస్తున్నాడట. ముగ్గురం కలిసి నొక్కితే సెట్టులో వచ్చింది ఒక్కటే, పెనం మీద చేప వేపినట్టు చర్రుమనే చప్పుడు. ముదీర్ చెప్పిన పాఠం అంతా అక్షరం పొల్లుపోకుండా నిజమైంది గాని, ఆ సమయంలో దాన్ని మెచ్చుకునే తీరిక ఎవరికుంది?

నేను కొండ మీదికి పరుగెత్తాను. వెనకనుంచి ట్రాక్టర్ వస్తున్నది. లాలా కళ్లనిండా నీళ్లు, ఎగశ్వాస దిగశ్వాస. ట్రాక్టర్ వెనక పికప్, పికప్‌లో ముదీర్, ముఖం తెల్లబడి బాదం కొండ కంటే తెల్లగా ఉన్నాడు. అదే ఇరుకు దారిలో పైనుంచి కఫీల్ కొడుకు బండి దిగుతున్నది, పాటలు పెట్టుకుని. మలుపులో ఎదురెదురుగా ఆగాయి. లాలా ట్రాక్టర్ మీంచి దూకి, ఆ పిల్లవాణ్ని బండిలోంచి లాగి, అటూ ఇటూ తిప్పి చూసి, గుండెలకు హత్తుకుని భోరుమన్నాడు. కఫీల్ కొడుక్కు ఏమీ అర్థం కాలేదు. పొలంలో పనివాళ్లు తనను ఇంత ప్రేమిస్తున్నారని అతనికి ఆనాటిదాకా తెలియదు. కళ్లు తుడుచుకుని లాలాకు తన చేతి గడియారం విప్పి ఇచ్చేశాడు.

నాకవేవీ పట్టలేదు. ఎక్కి ఎక్కి మామ దగ్గరికి వెళ్లాను. ఆయన తాపీగా కూర్చుని ఫ్లాస్కులో టీ పారబోసి, చేత్తో మంచు కూరుతున్నాడు.

"పిల్ల సంగతి ఖలాస్ అంటివి" అన్నాను.

"ఖలాస్ అంటె ఏమాయె? మాట అయిపోయిందంటి. నువ్వే జవాబియ్యకపోతివి."

"ముందు ఏమన్నవే?"

"ఏమన్న? మంచు కండ్లార సూసిన, శుక్రారం ఫోన్ చేసి నేనే చెప్పి ఒప్పిస్త, నువ్వు రంది వెట్టుకోకు పిల్ల సంగతి, అన్న. అని ఖలాస్ అన్న."

బటన్ నొక్కకముందే సగం మాట అయిపోయిందన్నమాట. ఆ సగంలోనే నా పెళ్లి ఉంది.

ఇంతలో ముదీర్ రొప్పుతూ పైకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా, అరబ్బీలో, నాకు తెలియని మాటలతో కొంతసేపు. తర్వాత అలసిపోయి మంచులో కూలబడి, చిన్న పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "ఖలాస్ అంటే నా మాట అయిపోయింది, నీతో ఇక పని లేదు అని. ఓవర్ అంటే అది కాదు. నా మాట అయింది, ఇప్పుడు నీ మాట కోసం చెవులు పెట్టుకుని ఉన్నాను, చెప్పు అని." నేను ఉన్నదున్నట్టు మామకు చెప్పాను. (ఈసారి నా వంతు అబద్ధం ఏదీ కలపలేదు.) మామ ఫ్లాస్కు మూత బిగించాడు.

"గట్ల చెప్పాలె గద మొదాలు. గంత మర్యాద మాటను పట్టుకొని నేను ఓవర్ చేసుడనుకుంటి" అన్నాడు. సెట్టు నోటి దగ్గర పెట్టుకుని, బటన్ నొక్కి, ఊపిరి తీసుకుని, ఎదురుగా కూర్చున్న ముదీర్‌తో సెట్టులోనే, "తప్పయింది సార్. ఓవర్" అన్నాడు. ముదీర్ నవ్వాపుకోలేకపోయాడు. సెట్లు మా దగ్గరే ఉండిపోయాయి. ఆ రోజు మొదలు మామ ఖలాస్ అన్నది లేదు.

శుక్రవారం ఫోన్లో మామ చెబితే ఊరు నమ్మలేదు. "అల్లున్ని జూసి మామ గూడ మొదలువెట్టిండు" అన్నారు. దాంతో ఆయనకు పట్టుదల పెరిగింది. సెలవు మీద వెళ్లేటప్పుడు ఆ ఫ్లాస్కును ఒళ్లో పెట్టుకుని విమానమెక్కాడు. మూత తీస్తే కరుగుతుందని నెల రోజులుగా ఎవర్నీ ముట్టనివ్వలేదు. నేను ఎంత చెప్పినా వినలేదు. ఊళ్లో పదిమందిని పిలిచి, వాకిట్లో నిలబడి, అందరి ముందూ మూత తీసి గ్లాసులోకి వంచాడట. టీ వాసన కొట్టే నీళ్లు పడ్డాయి. "గిదే మంచు" అన్నాడట మామ. నవ్వి నవ్వి కొందరు అరుగు మీదినుంచి కిందపడ్డారని అమ్మ చెప్పింది. మా పిల్ల నవ్వలేదట. ఆ గ్లాసు చేతికి తీసుకుని, తండ్రి ముఖం వైపు చూసి, "సరే బాపూ, చేసుకుంట" అన్నదట. తండ్రి మాట నమ్మింది, నా మంచు నిజమైంది అని నేను తబూక్‌లో కూర్చుని మురిసిపోయాను.

అది జరిగి ముప్ఫై ఏళ్లు దాటింది. మామ పోయి రెండేళ్లయింది. పోయేదాకా ఫోన్లో ప్రతి మాటకూ చివర ఓవర్ అని ఆగి వినేవాడు. మా ఇంట్లో ఆ మాట అలాగే నిలిచిపోయింది. మొన్న సాయంత్రం మా ఆవిడ టీ తాగుతూ ఫోన్ చూస్తున్నది. అందులో ఎవరో పంపిన వీడియో, కొండ మీద మంచు, మంచులో ఒంటెలు, అరబ్బు పిల్లలు ఉండలు చేసి విసురుకుంటున్నారు. ఒకసారి చూసింది. రెండోసారి చూసింది.

"బావా, గిది సౌదేనా?"

"గదే కొండ" అన్నాను కాలరు సర్దుకుని.

"అయితె మంచు నిజంగనే పడ్డదా?"

కాలరు మీది చెయ్యి దించేశాను. "అప్పుడు నమ్మలేదా నువ్వు?"

"టీ నీళ్లు సూపెడితె ఎవలు నమ్ముతరు?"

"మరెందుకు ఒప్పుకున్నవే?"

ఆమె ఫోన్ పక్కన పెట్టింది. "పుట్టినకాడికెంచి అబద్ధమాడని మనిషి మా బాపు. అందరు నవ్వుతుంటె గా ఫ్లాస్కు వట్టుకొని నీ కోసం అబద్ధమాడుతుండనుకున్న. మా బాపుతోని అబద్ధమాడిచ్చిన పిలగాడంటె ఆయనకు ఎంత పాణమో అనుకున్న. అందుకే చేసుకున్న" అన్నది. గ్లాసులు తీసుకుని లేస్తూ, గుమ్మం దగ్గర ఆగి, నా వైపు చూసి, "ఓవర్" అన్నది.

బటన్ నొక్కాలి, ఒక ఊపిరి తీసుకోవాలి, ఆ తర్వాత మాట్లాడాలి. ఒకప్పుడు మెడ నిక్కించి పదిమందికి ఈ పాఠం చెప్పినవాణ్ని. ఆ ఊపిరి దగ్గరే ఆగిపోయి, చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నాను.